కార్లతో కలిసిన లేనా, సైకిల్‌కి విడి లేనా?

ఖర్చు: కలిసిన లేన్‌కి రోడ్డు మీద సైకిల్ బొమ్మ, ఓ బోర్డు చాలు. విడి లేన్‌కి గట్టు కట్టాలి, చాలాచోట్ల పార్కింగ్ తీసేయాలి.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. గంటకు 30 కిలోమీటర్లతో పోలిస్తే 50 దగ్గర కారు గుద్దే శక్తి దాదాపు 2.8 రెట్లు. పెయింట్ బొమ్మ ఆ దెబ్బను ఆపదు. ఆగి ఉన్న కారు తలుపు హఠాత్తుగా తెరుచుకుంటే బ్రేకు నొక్కే వ్యవధి కూడా ఉండదు. అందుకే కలిసిన లేన్‌లో అంచుకి ఒదగకుండా, తలుపులకు మీటరుకి పైగా ఎడంగా తొక్కాలి. విడి లేన్‌లో ఆ భయం తక్కువే, కానీ కూడలి దగ్గర మలుపు తిరిగే డ్రైవర్‌కి సైకిల్ కనబడాలి.

ఎక్కడ ఏది: వేగం 30 దాటని, బండ్లు తక్కువున్న వీధిలో కలిసిన లేన్ సరిపోతుంది. బస్సులు, లారీలు తిరిగే పెద్దరోడ్డుకి విడి లేనే కావాలి. పదేళ్ల పిల్ల ఒక్కతే బడికి తొక్కుకుంటూ వెళ్లే దారైతే నేను ఇంకోమాట ఒప్పుకోను.