ఫ్రిజ్‌కు రంగు మార్పించేవాళ్లు ఇది చదివి నిర్ణయించుకోండి

మాది విశాఖ, సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి మా ఫ్రిజ్ తలుపు కింది అంచు తుప్పు పట్టింది. వంటింటి అరలన్నీ కొత్తగా క్రీమ్ రంగులో చేయించాం కాబట్టి, ఎర్ర ఫ్రిజ్‌ను కూడా అదే రంగులోకి మార్పిద్దామనుకున్నాం. ఇంటికే వచ్చి ఒక్క పూటలో పని ముగిస్తామన్న వాళ్లకు 3,500 రూపాయలకు అప్పగించాం.

మూడు వారాలకే హ్యాండిల్ దగ్గర రంగు పెచ్చులుగా లేచింది. లేవకుండా ఎలా ఉంటుంది? కంపెనీ పూత అద్దంలా నున్నగా ఉంటుంది. ఎమెరీ పేపర్‌తో రుద్ది, తుప్పు పూర్తిగా తీసి, ప్రైమర్ కొడితేనే పైరంగు పట్టుకుంటుంది. వాళ్లు గుడ్డతో తుడిచి నేరుగా స్ప్రే కొట్టేశారు. నేనూ పక్కనే ఉన్నాను, అడగాలని తెలియలేదు.

రంగు పోతే పోయింది, తలుపు రబ్బరు కూడా పాడైంది. దాని మీద పడిన రంగును, రంగులో కలిపే థిన్నర్‌తో తుడిచారు. అది బిరుసెక్కి తలుపు సరిగా అతుక్కోవడం మానేసింది. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది, పాలు విరుగుతున్నాయి. తలుపు సందులో కాగితం పెట్టి లాగితే ఏ పట్టూ లేకుండా వచ్చేస్తోంది. కొత్త రబ్బరు తెప్పిద్దామంటే మోడల్ నంబరు స్టిక్కర్ మీద కూడా రంగు కొట్టేశారు! పాత బిల్లు వెతికి పట్టుకునేసరికి నాలుగు రోజులైంది. రబ్బరుకు మరో 1,400.

వీటన్నిటికన్నా నాకు ఇప్పటికీ గుండె దడ పుట్టించేది ఇంకొకటి ఉంది. ప్లగ్ తీయకుండానే, కిటికీ మూసి ఉన్న వంటింట్లో స్ప్రే కొట్టారు. థిన్నర్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. ఫ్రిజ్ థర్మోస్టాట్, రిలే లాంటి స్విచ్‌లలో చిన్న నిప్పురవ్వ పుట్టవచ్చు. పక్కనే గ్యాస్ స్టవ్. ఆ వాసనకు మా అమ్మ రాత్రంతా దగ్గుతూనే ఉంది. రబ్బరు మార్చడానికి వచ్చిన మెకానిక్ మరో మాట చెప్పాడు. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో చల్లబరచడానికి ఉండే ఆర్600ఏ గ్యాస్ కూడా మండేదే, దాని గొట్టాలు చాలాసార్లు పక్క గోడల లోపలే ఉంటాయి. అందుకే తుప్పు గీకడానికి కత్తులూ డ్రిల్లులూ వాడనివ్వకండి.

స్టవ్‌కు కూడా వేస్తామన్నారు, వద్దన్నాం. బర్నర్ల వేడికి మామూలు రంగు మాడిపోతుంది.

తుప్పు లేకపోతే పైన అతికించే వినైల్ షీట్ చాలు, నచ్చకపోతే పీకేయొచ్చు. రంగే కావాలంటే ఫ్రిజ్‌ను వాళ్ల షెడ్డుకే పంపండి. రబ్బరు విప్పించి, స్టిక్కర్ ఫోటో తీసుకుని పంపండి. ప్రైమర్ కొట్టాక ఒకసారి వెళ్లి చూసి, అప్పుడే సగం డబ్బులివ్వండి.