లైపోనా, సూదా, స్లీవా, బైపాసా... ఒంట్లో మంట దేనికి తగ్గుద్ది?

పోయినేడాది మా వదిన (అన్నయ్య భార్య, మేమిద్దరం ఒకర్నొకరం వదినా అనే పిలుచుకుంటాం) ఒక బ్లడ్ రిపోర్ట్ వాట్సాప్‌లో పెట్టి "వదినా, ఈ హెచ్ఎస్ సీఆర్పీ ఏందో 8.2 అంట, ఎర్ర రంగులో వచ్చింది, గుండెకేమన్నా అయిందా" అని అడిగింది. ఆవిడ 96 కిలోలు, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, అంటే బీఎంఐ 39 దగ్గర. షుగరుంది, ఫ్యాటీ లివరుంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, రాత్రి పడుకుంటే పుల్లటి తేన్పులు గొంతు దాకా వస్తాయి. మా అమ్మ అయితే రిపోర్ట్ చూడకుండానే "ఒంట్లో వేడి చేసిందే, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగమను" అని తేల్చేసింది. అమ్మ చెప్పే వేడి వేరు, ఈ టెస్ట్ చెప్పేది వేరు. ఇది ఒంట్లో లోపల్లోపల ఉండే మంట, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఎంతుందో చెప్పే రక్తపరీక్ష.

ఈ టెస్ట్‌లో 1 లోపుంటే గుండెకి రిస్క్ తక్కువ, 1 నుంచి 3 మధ్యస్తం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే మాత్రం జలుబో జ్వరమో పంటి ఇన్ఫెక్షనో ఏదో ఉండుంటది, అది తగ్గాక మళ్ళీ చేయించుకోవాలి. మేం మూడు వారాలాగి మళ్ళీ చేయిస్తే 7.6. అంటే రోజూ ఉండే మంటే అది, వచ్చిపోయేది కాదు.

ఎక్కడినుంచి వస్తదంటే కొవ్వులోంచే. మనం కొవ్వంటే నెయ్యి డబ్బాలాగా ఊరికే ఒక మూల పడుంటదనుకుంటాం గానీ అది గ్రంథి లాగా పనిచేసుద్ది, రక్తంలోకి రకరకాల రసాయనాలు వదుల్తా ఉంటది. 1993లో లావెక్కిన ఎలకల కొవ్వులోంచి టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే మంట పుట్టించే పదార్థం తయారవుతోందని, దానివల్లే ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యట్లేదని తేలింది. తర్వాత 2003 నుంచి ఇంకో సంగతి బయటపడుతూ వచ్చింది, కొవ్వు కణాలు ఉబ్బిపోయి ఊపిరాడక చచ్చిపోతుంటే వాటిని తినడానికి మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు గుంపులుగా వచ్చి అక్కడే కాపరం పెడతాయంట. ఇవి ఐఎల్-6 లాంటి మంట రసాయనాలు వదుల్తాయి, అది లివర్‌కి వెళ్తే లివర్ సీఆర్పీ తయారుచేసుద్ది, అదే మన రిపోర్ట్‌లో ఎర్రగా కనపడేది. జ్వరం ఉండదు, ఎక్కడా వాచినట్టుండదు, నివురుగప్పిన నిప్పంటారే అట్లా లోపల్లోపల కాల్తా ఉంటది.

సరే ఇప్పుడు ఈ కొవ్వు తగ్గించే దారుల్లో ఏది మేలు అనే దగ్గరికొద్దాం. వదిన ఆఫీసులో ఒకావిడ "ఆ కోసుకోడాలూ కుట్టుకోడాలూ ఎందుకు, లైపో చేయించుకో, ఒక్కపూటలో పది కిలోలు లాగేస్తారు" అందంట. చాలామంది లైపోసక్షన్నీ (చర్మం కింద కొవ్వుని పైపుతో తోడేయడం) బేరియాట్రిక్ సర్జరీనీ (బరువు తగ్గడానికి కడుపుకీ పేగుకీ చేసే ఆపరేషన్) ఒకటే అనుకుంటున్నారు, అసలు సంబంధం లేదు. కొవ్వే మంటకి మూలమైతే కొవ్వు పీకేస్తే మంట పోవాలిగా అని నాకూ అనిపించింది, కానీ దాన్ని నిజంగానే పరీక్షించి చూశారు. 2004లో అమెరికాలో సెయింట్ లూయిస్‌లో 15 మంది లావుపాటి ఆడవాళ్ళకి పొట్ట దగ్గర చర్మం కింద కొవ్వు పది కిలోల దాకా లాగేసి రెండున్నర మూడు నెలల తర్వాత టెస్టులు చేస్తే సీఆర్పీ తగ్గలా, ఐఎల్-6 తగ్గలా, ఇన్సులిన్ పనితీరూ మారలా. పది కిలోలు పోయినా! ఎందుకంటే పేగుల చుట్టూ, లివర్లో ఉన్న కొవ్వు అట్లాగే ఉంది, మిగిలిన కొవ్వు కణాలు అట్లాగే ఉబ్బి ఉన్నాయి. ఒళ్ళు తనంతట తను కొవ్వుని కరిగించుకోవాలి, పైపు పెట్టి తోడేస్తే లాభం లేదు. నాకు ఈ ఒక్క ముక్క తెలిశాకే మిగతాదంతా అర్థమైంది. మంట తగ్గాలంటే లైపో లెక్కలోకే రాదు, అందం కోసమైతే మీ ఇష్టం.

తిండి తగ్గించి నడవడం సంగతి. దీన్ని తీసిపారేయకండి. అమెరికాలో లుక్ ఎహెడ్ అని 5,145 మంది షుగర్ పేషెంట్ల మీద పెద్ద ట్రయల్ చేశారు, గట్టిగా డైట్, ఎక్సర్‌సైజ్ చేయించిన వాళ్ళు మొదటి ఏడాదిలో సగటున 8.6 శాతం బరువు తగ్గారు, సీఆర్పీ అయితే అంతకంటే చాలా ఎక్కువ శాతమే పడిపోయింది. అంటే పది కిలోల లోపు తగ్గినా నిప్పు మీద నీళ్ళు పడ్డట్టే. కానీ నిలబెట్టుకోవడమే చావు. మా వదిన ఇప్పటికి అయిదుసార్లు తగ్గింది, ఆరుసార్లు పెరిగింది, ఆ లెక్క మీరే వేసుకోండి.

బరువు తగ్గించే సూదుల సంగతి, 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చినప్పటినుంచి ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఇదే టాపిక్. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ మీద 17,604 మందితో సెలెక్ట్ అని ట్రయల్ జరిగింది, అందరూ గుండె, రక్తనాళాల జబ్బున్న వాళ్ళే, షుగర్ లేనివాళ్ళు. వాళ్ళలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో చావులు కలిపి 20 శాతం తగ్గాయి, సీఆర్పీ మూడో వంతుకి పైగా తగ్గింది. కాబట్టి సూదిని చిన్నచూపు చూడటానికి లేదు. బరువు చూస్తే సెమాగ్లూటైడ్‌తో 15 శాతం దాకా, మౌంజారో పెద్ద డోసుతో 20 శాతం దాకా తగ్గుద్ది. చిక్కల్లా ఆపేస్తేనే, ఆపిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చేసింది ఒక ట్రయల్లో, బరువుతో పాటు మిగతా లాభాలూ వెనక్కి నడుస్తాయి. అంటే ఇది నెలనెలా కట్టే అద్దె లాంటిది. సర్జరీ ఏమో ఒకేసారి ఇల్లు కొనుక్కున్నట్టు, రిపేర్లు మాత్రం జీవితాంతం మనవే. నన్నడిగితే బీఎంఐ 30, 32 ఉన్నవాళ్ళు ముందు సూది చూడాలి, 35 దాటి షుగర్ కూడా ఉంటే సర్జరీ మాట వినడంలో తప్పులేదు.

సర్జరీలో మంట ఎంత తగ్గుద్దంటే, పారిస్‌లో బైపాస్ (గుండెది కాదు, కడుపుకి చేసేది) చేయించుకున్న వాళ్ళ కొవ్వు ముక్క తీసి మూడు నెలల తర్వాత చూస్తే అందులో కాపరం పెట్టిన మాక్రోఫేజ్‌లు తగ్గిపోయాయని 2005లోనే రాశారు. సీఆర్పీ బాగా పడుద్ది, అడిపోనెక్టిన్ అనే మంచి హార్మోన్ పెరుగుద్ది. ఐఎల్-6 కొంత తగ్గుద్ది గానీ టీఎన్ఎఫ్ విషయంలో ఫలితాలు ఒక్కో చోట ఒక్కో రకంగా వచ్చాయి, అందుకే "అన్ని మార్కర్లూ నార్మల్ అయిపోతాయి" అని ఎవరన్నా బల్లగుద్ది చెప్తే నమ్మకండి. లివర్ విషయంలో ఫ్రాన్స్‌లో లిల్ అనే ఊరివాళ్ళ లెక్క గట్టిది, కొవ్వు పట్టి వాచిపోయిన లివర్ ఉన్నవాళ్ళకి బేరియాట్రిక్ సర్జరీ చేసి అయిదేళ్ళ తర్వాత బయాప్సీ చేస్తే 84 శాతం మందిలో ఆ వాపు పోయింది.

ఇక అసలు తగాదా, స్లీవా బైపాసా. స్లీవ్‌లో కడుపుని 75, 80 శాతం కోసి తీసేసి అరటికాయలాగా సన్నటి గొట్టం మిగులుస్తారు, పేగుల జోలికి పోరు. బైపాస్‌లో కడుపు పైభాగంలో చిన్న సంచి చేసి దాన్ని చిన్నపేగులో కాస్త కిందికి కలుపుతారు, తిన్నది పేగు మొదటి భాగం తగలకుండా అడ్డదారిలో పోద్ది. మేం వెళ్ళిన మొదటి ఆస్పత్రిలో అయిదు నిమిషాలు కూడా చూడకుండా "స్లీవ్ చేద్దామమ్మా, సింపుల్" అన్నారు. అక్కడినుంచి వచ్చేసి నేను చదవడం మొదలుపెట్టా.

ఒంటి మొత్తం మీద మంట లెక్కేస్తే రెండూ దాదాపు సమానమే, సీఆర్పీ తగ్గడం ఎక్కువగా బరువు ఎంత తగ్గిందనేదాన్నే పట్టుకుని నడుస్తది. షుగర్‌కి అయితే బైపాస్‌కి కాస్త మొగ్గుంది, క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళ ట్రయల్లో అయిదేళ్ళకి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6 లోపుకి వచ్చినవాళ్ళు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23, ఒట్టి మందులతో 5. స్లీవ్‌కీ బైపాస్‌కీ మధ్య ఇదేం పెద్ద తేడా కాదు. తేడా అంతా గొంతు కింద ఉంది. స్లీవ్ చేస్తే ఆ సన్నటి గొట్టంలో ఒత్తిడి పెరిగి యాసిడ్ పైకి తన్నుద్ది, ఫిన్లాండ్‌లో పదేళ్ళు వెంటబడి చూసిన ట్రయల్లో ఎండోస్కోపీ చేస్తే అన్నవాహిక వాచిపోయి పుండైనవాళ్ళు స్లీవ్‌లో 31 శాతం, బైపాస్‌లో 7 శాతం. చూడండి విచిత్రం, రక్తంలో మంట తగ్గించుకుందామని వెళ్తే గొంతులో మంట తెచ్చుకోవడం! అప్పటికే పుల్లతేన్పులున్న మా వదినకి స్లీవ్ చెప్పినాయనకి నేను దణ్ణం పెట్టా, మనసులోనే.

మరి బైపాసే మేలా అంటే దానికీ ఒక మెలిక. బైపాస్ తర్వాత సంచినీ పేగునీ కలిపిన కుట్టు దగ్గర అల్సర్ వచ్చే ప్రమాదముంది, అందుకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఇక జన్మలో వాడొద్దంటారు, సిగరెట్ కూడా. వదిన మోకాళ్ళ నొప్పులకి ఆ మాత్రలే వారానికి నాలుగు మింగుద్ది. కీళ్ళవాతం ఉండి రోజూ ఆ మందుల మీదే బతికేవాళ్ళయితే ఈ ఒక్క కారణానికే స్లీవ్ వైపు చూస్తారు. ఆవిడకి తేన్పులు ఒకపక్క లాగితే మోకాళ్ళు ఇంకోపక్క. రెండో డాక్టరు ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో అప్పటికే ఎర్రగా ఉందని చూపించి "మోకాలికి వేరే దారులున్నాయి, దీనికి లేవు" అన్నాడు, బైపాస్‌కే ఒప్పుకుంది.

బైపాస్‌లో ఐరన్, బీ12, కాల్షియం సరిగ్గా ఒంటబట్టవు, జీవితాంతం మాత్రలుంటాయి. ఇక్కడ ఇంకో తమాషా, మంట ఉన్నప్పుడు ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ టెస్ట్ కూడా ఊరికే ఎక్కువ చూపిస్తది, మంట తగ్గాక అసలు నిల్వ ఎంతో బయటపడుద్ది. అందుకని సర్జరీకి ముందు ఫెర్రిటిన్ బానే ఉందిలే అని ధీమాగా ఉండకండి. ఇన్సూరెన్సు వాళ్ళు సాధారణంగా బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి షుగర్ లాంటి గట్టి జబ్బుండాలి అంటారు, వెయిటింగ్ పీరియడ్ ముందే అడగండి.

ఇంకొకటి, సర్జరీ అయిన రెండో మూడో రోజు సీఆర్పీ చూసి గుండె ఆగినంత పనవుద్ది. అది కోత వల్ల పెరిగింది, డాక్టర్లు ఆ రోజుల్లో చూసేది కూడా కుట్టు దగ్గర లీకేమన్నా ఉందా అనే. మా అన్నయ్య ఆ రిపోర్ట్ పట్టుకుని "తగ్గిస్తామని వందకి తీసుకెళ్ళారేంటి" అని వార్డంతా తిరిగాడు. మంట నిజంగా తగ్గిందో లేదో చూడాలంటే కనీసం మూడు నెలలాగాలి, గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ళవాపు) ఉన్నవాళ్ళకి బరువు గబగబా తగ్గే మొదటి నెలల్లో కాలి బొటనవేలు మళ్ళీ రాజుకోవచ్చు కూడా.

ఇప్పటికి ఎనిమిది నెలలు. వదిన 71 కిలోలు, హెచ్ఎస్ సీఆర్పీ 1.9, తేన్పులు లేవు. మోకాలు మాత్రం గుళ్ళో ప్రదక్షిణలు చేస్తే ఇప్పటికీ కటకటమంటది, పారాసిటమాల్ వేసుకుని ఫిజియోథెరపీకి వెళ్తోంది. ఫ్రిజ్ మీద డబ్బాలో ఉండే పాత నొప్పి మాత్రల స్ట్రిప్పులన్నీ అన్నయ్య తీసి పారేశాడు, అయినా మొన్న ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో సైడు జిప్పులో ఒకటి దొరికింది.