జీవాల దొడ్డికి కంగాల్ కుక్క: ఏళ్ల తరబడి పెంచాక

అనంతపురం పక్క జీవాలకు కావలిగా కంగాల్‌ను తెచ్చుకోవాలనుకునేవాళ్లు ముందే మనసులో పెట్టుకోండి: ఇది మాట వినదు. పిలిస్తే తల తిప్పి చూస్తుంది, రావాలా వద్దా అన్నది అదే తేల్చుకుంటుంది. టర్కీలోని సివాస్ ప్రాంతపు జాతి. కాపరి పక్కన లేకున్నా మందను కాయడమే దాని పని. గొర్రెలను మళ్లించమంటే మళ్లించదు.

పగలంతా నీడన పడుకుంటే తిండి దండగ అనిపిస్తుంది. పొద్దుగూకాక చూడాలి. గాలికి ముక్కెత్తి నిలబడుతుంది, కంచె వెంబడి ఒక చుట్టు తిరిగి మూలమూలనా ఉచ్చ పోసొస్తుంది. తోడేలు వాసన తగిలితే బొంగురుగా మొరుగుతూ ఆ దిక్కుకూ జీవాలకూ మధ్యకొచ్చి నిలబడుతుంది. తరిమినా కొంత దూరమే, వెంటనే వెనక్కొచ్చేస్తుంది. మనకు కావలసిందీ అదే.

అసలు తంటా ఆరో నెల నుంచి ఏడాదిన్నర దాకా. ఒళ్లు పెరుగుతుంది, బుద్ధి పెరగదు. ఆటకని గొర్రెపిల్లల వెంటపడి చెవులు కొరుకుతుంది. ఆ వయసులో కొమ్ముల పొట్టేళ్లతో కలిపి వదిలితే అవే దారికి తెస్తాయి. మెడకు గుదికొయ్య కడితే పరుగు తగ్గుతుంది. మాయ తినబోయి ఈనే గొర్రెను బెదరగొడుతుంది కాబట్టి ఈతకొచ్చినవాటిని వేరుగా కట్టేయండి. పూర్తిగా నమ్మాలంటే రెండేళ్లు నిండాలి. కుక్కపిల్లను ఎనిమిదో వారంలో తెచ్చి, పదహారో వారం దాకా జీవాల మధ్యే పెంచండి. ఇంట్లో ముద్దు చేస్తే దొడ్డి వదిలి గడప దగ్గర కూర్చుంటుంది.

మగది యాభై కిలోలు దాటుతుంది. ఒట్టి సంగటితో కండ పట్టదు, గుడ్లో మాంసమో కలపాలి. పూటకు కొంచెంగా, రెండు పూటలు పెట్టండి. ఒకేసారి మెక్కి పరుగెత్తితే కడుపు ఉబ్బి మెలిపడుతుంది, గంటల్లో ప్రాణం పోతుంది. బూజు పట్టిన శెనక్కాయ చెక్క అస్సలు వద్దు, కాలేయం చెడుతుంది. చచ్చిన జీవాల పేగులు, నీటిబుడ్డలున్న కాలేయం పచ్చిగా వేస్తే బద్దెపురుగు కుక్కకు పట్టి, దాని మలం నుంచి జీవాలకూ మనుషులకూ వస్తుంది. మూడు నెలలకోసారి కడుపులో పురుగులు పోయే నట్టల మందు, ఏటా రేబిస్ టీకా తప్పవు. ఎండాకాలమని బొచ్చు గొరిగించకండి; రెండు పొరల బొచ్చే ఎండను ఆపుతుంది. చింతచెట్టు నీడ, నిండుగా తొట్టి నీళ్లు చాలు. కాళ్ల సందుల్లో పల్లేరుకాయలు మాత్రం రోజూ చూడాలి.

కంచె ఉన్న తోటకైతే జతగా పెట్టుకోండి, డబ్బుకు తగ్గ పని చేస్తాయి. రోడ్ల వెంట మందను తోలుకుపోతూ రాత్రికో చేలో మంద కట్టేవాళ్లకు వద్దు. కొత్త మనిషి, బైకు, ఊరకుక్క, దీనికి అన్నీ అనుమానమే. వాళ్లకు నాటు కుక్కలే మేలు. కొనేముందు తల్లీతండ్రీ మందలో ఎలా మసలుతున్నాయో కళ్లారా చూడండి. తుంటి కీళ్ల ఎక్స్‌రే కూడా అడగండి.