ఆరడుగుల చేపల ట్యాంకు కింద సంపు: నాలుగేళ్లు వాడాక

చేపల ట్యాంకు కింద పెట్టి, దిగిన నీళ్లని వడకట్టి పంపుతో మళ్లీ పైకి పంపే గాజు పెట్టెని సంపు అంటారు. దాన్ని చేయించేటప్పుడు గదులెన్ని, మీడియా (నీళ్లు వడకట్టే సరుకు) ఎంత పడుతుంది, పంపు ఎంతది అని పది చోట్ల కనుక్కున్నాను. కరెంటు పోతే పైనుంచి దిగే నీళ్లకు అందులో చోటుందా అని మాత్రం లెక్క వేసుకోలేదు. నేను సంపు మార్చాల్సి వచ్చిందన్నా, కింది ఇంటివాళ్ల సీలింగుకి రంగు వేయించానన్నా కారణం అదే.

మాది కూకట్‌పల్లిలో రెండో అంతస్తు. ట్యాంకు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. రెండు ఆస్కార్ చేపలు, ఏడు సిల్వర్ డాలర్ చేపలు ఉన్నాయి. ఆస్కార్లు పెంచినవాళ్లకు వాటి చెత్త సంగతి చెప్పక్కర్లేదు. ట్యాంకు బయట పెట్టే మూతడబ్బాలాంటి క్యానిస్టర్ ఫిల్టరుని విప్పి కడిగీ కడిగీ విసుగొచ్చి సంపుకి వచ్చాను.

మొదటిది మూడడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు. లోపల గదుల మధ్య గాజు పలకలు 12 అంగుళాలు. అంటే నీళ్లు నడుస్తున్నప్పుడు పైన మిగిలేది మూడంగుళాలు. అనుమానం వచ్చి షాపులో అడిగాను కూడా. "ఎన్‌ఆర్‌వీ వేస్తున్నా కదా సార్, చుక్క వెనక్కి రాదు" అన్నాడు. ఎన్‌ఆర్‌వీ అంటే నీళ్లని ఒకవైపే పోనిచ్చే వాల్వు. దాదాపు ఏడాది పాటు నిజంగానే రాలేదు. ఆ రోజుల్లో ఆ వాల్వు గురించి అందరికీ గొప్పగా చెప్పాను. నా మాట మీద ఇద్దరు స్నేహితులు వేయించుకున్నారు. తర్వాత వాళ్లిద్దరికీ ఫోన్ చేసి, దాన్నే నమ్ముకోవద్దని చెప్పాల్సి వచ్చింది.

జూన్‌లో గాలివాన పడిన ఒక రాత్రి ఒంటిగంట దాటాక కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది కాబట్టి మాకు మెలకువ రాలేదు. రెండున్నరకి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే కింది ఇంటి అంకుల్, చేతిలో టార్చి. "బాబూ, మా హాల్లో లైటు దగ్గర నుంచి నీళ్లు కారుతున్నాయి, మీ ఇంట్లో ఏదైనా పైపు పగిలిందేమో చూడు" అన్నారు. హాల్లో అడుగు పెడితే కాళ్ల కింద నీళ్లు. సంపు అంచుల మీంచి సన్నగా, చప్పుడు లేకుండా ఇంకా పొర్లుతోంది.

లెక్క ఆ మర్నాడు వేశాను. సంపు నుంచి నీళ్లని ట్యాంకులోకి పంపే రిటర్న్ పైపు మూతి నీటిమట్టానికి మూడంగుళాల లోపల ఉంది. పంపు ఆగితే ఆ మూతికి గాలి తగిలేదాకా నీళ్లు వెనక్కి దిగుతూనే ఉంటాయి. మా ట్యాంకులో అంగుళం నీళ్లంటే 28 లీటర్లు, మూడంగుళాలకు 84. సంపులో ఖాళీ 26 లీటర్లు. మిగతా యాభై పైచిలుకు హాలు పాలు. వాల్వు విప్పి చూస్తే దాని రెక్క కింద బియ్యపు గింజంత నత్త గుల్ల ఇరుక్కుని ఉంది. గాలి పీల్చడానికి రిటర్న్ పైపుకి వేసిన చిన్న రంధ్రం కూడా నాచుతో పూడిపోయింది. చీపురుపుల్లతో పొడిస్తే పచ్చటి ముద్ద ఊడివచ్చింది. రెండూ ఒకేసారి పనిచేయకపోవడం నా దురదృష్టమే అనుకోండి, కానీ వాటిని ఏడాదిలో ఒక్కసారైనా విప్పి చూడనిది నేనే.

రెండో సంపుకి కొలతలు నేనే రాసిచ్చాను. నాలుగడుగుల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 18 ఎత్తు, లోపలి పలకలు మాత్రం పది అంగుళాలే. షాపతను "ఇంత జాగా వేస్టు సార్" అన్నాడు. ఆ వేస్టు జాగాలో 113 లీటర్లు పడతాయి. ఇనుప స్టాండుకి మధ్యలో కాలుండటంతో ముందు నుంచి దూరలేదు. సోఫా జరిపి పక్క నుంచి తోశాం. రిటర్న్ మూతిని కూడా నీటిమట్టానికి అంగుళం లోపలికి పైకి తెచ్చాను.

ఇప్పుడు నెలకోసారి కావాలనే పంపు స్విచ్ ఆపి, టార్చి వేసుకుని స్టాండు ముందు కూర్చుంటాను. పైపులో గుడగుడమంటూ నీళ్లు దిగుతాయి, సంపులో మట్టం మెల్లగా మూడంగుళాలు ఎక్కుతుంది, పైన మూతి గాలి పీల్చిన చప్పుడుతో ఆగిపోతుంది. మార్కరుతో గీసుకున్న గీత మీద ఇంకా అయిదంగుళాల గాజు పొడిగా ఉంటుంది. ఆ పొడి గాజు చూస్తే నాకు కలిగే నెమ్మది ఇంతా అంతా కాదు. ఈ మూడేళ్లలో ఎన్నిసార్లు కరెంటు పోయినా చుక్క బయట పడలేదు.

ఇక మిగతావి. మొదట్లో ఫిల్టర్ సాక్స్ (చెత్త పట్టే గుడ్డ సంచులు) బ్రహ్మాండం అనేవాణ్ణి. ఆస్కార్ల దెబ్బకి మూడు రోజులకే నిండి పొర్లేవి, ఇప్పుడు మామూలు స్పాంజి వాడుతున్నాను. సంపుకి శబ్దం లేదని అప్పట్లో నేను చెప్పిన మాట కూడా సగమే నిజం. ట్యాంకు నుంచి దిగే పైపుకి ధార తగ్గించడానికి పెట్టిన గేట్ వాల్వుని సరిచేసిన రోజు నిశ్శబ్దంగానే ఉంటుంది, పది పదిహేను రోజులకి మళ్లీ జుయ్యిమంటుంది, మళ్లీ పావు తిప్పు తిప్పాలి. వేసవిలో ఆవిరయ్యే నీళ్లన్నీ పంపు గదిలోనే తగ్గుతాయి. ఆ గదిని 14 అంగుళాల పొడవు పెట్టించినా మే నెలలో రెండు రోజులకోసారి బకెట్ నీళ్లు పోయాల్సిందే. ఒకసారి ఊరెళ్లి వచ్చేసరికి పంపు గాలి పీల్చి ట్యాంకంతా తెల్లటి బుడగలు. ఆ రోజు పడ్డ టెన్షన్‌తో ఆటోమేటిక్‌గా నీళ్లు నింపే ఫ్లోటు పెట్టించాను.

మాకైతే నాలుగడుగుల సంపు సరిపోయింది. ట్యాంకు సామాన్లలో మా ఇన్వర్టరు మీద ఎయిర్ పంపు ఒక్కటే నడుస్తుంది, కింద ఇంకో కుటుంబం ఉంది, చేపలు పెద్దవి. పంపుని కూడా ఇన్వర్టరు మీద నడిపేవాళ్లకు, లేదా కింద ఎవరూ లేని ఇంట్లో ఉండేవాళ్లకు ఇంత ఖాళీ అక్కర్లేకపోవచ్చు. మొక్కల ట్యాంకుకి కార్బన్ డయాక్సైడ్ ఇచ్చేవాళ్లయితే అసలు సంపు జోలికి వెళ్లాలా అని ముందు ఆలోచించండి, నీళ్లు కిందికి దూకేటప్పుడు ఆ గ్యాసు చాలావరకు గాల్లో కలిసిపోతుంది. ఏది కొన్నా చేపలు వేయకముందే పంపు ఒకసారి ఆపి, మట్టం ఎక్కడ ఆగిందో గీత గీసి పెట్టుకోండి.