సింగపూర్ బడి మేలా, ఫిన్లండ్ బడి మేలా?
లెక్కల్లో సింగపూర్‌కు తిరుగులేదు: పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష పీసాలో 2022లో 575 స్కోరు. లెక్కలు నేర్పేది ముందు వస్తువులతో, తర్వాత బొమ్మలతో, ఆపైనే అంకెలతో. ఆ వరుసే అక్కడి బలం. చిక్కంతా ఆరో తరగతి చివర దేశమంతా రాసే పరీక్ష పీఎస్‌ఎల్‌ఈతో. నాలుగు సబ్జెక్టులు, ఒక్కోదానికి 1 నుంచి 8 దాకా గ్రేడు. మొత్తం 4 వస్తే అత్యుత్తమం, 32 అయితే అట్టడుగు. సెకండరీ సీటు ప్రధానంగా దీని మీదే, అందుకే ఇన్ని ట్యూషన్లు. మాతృభాష సబ్జెక్టుల్లో తెలుగు లేదు; మన పిల్లలు ఎక్కువగా హిందీయో తమిళమో తీసుకోవాల్సిందే.

ఫిన్లండ్‌లో ఏడో ఏట ఒకటో తరగతి, మధ్యాహ్న భోజనం ఉచితం, వెనకబడ్డవాళ్లకు బళ్లోనే అదనపు సాయం. హైస్కూలు చివరిదాకా దేశవ్యాప్త పబ్లిక్ పరీక్ష ఉండదు. చిన్నపిల్లలకైతే నా ఓటు దీనికే. కాకపోతే పాత పేరు చూసి మురిసిపోవద్దు: పీసా లెక్కల స్కోరు 2006లో 548, 2022లో 484.