షూటింగ్‌కి ఏది మేలు: ఫ్లోరా, గోడౌనా, ఎల్‌ఈడీ గోడా?

స్టూడియో ఫ్లోర్, అంటే షూటింగ్ కోసమే కట్టిన మూసిన హాలు, అద్దె వినగానే చాలామంది మనసు ఖాళీ గోడౌన్ మీదికి పోతుంది. సెట్ ఎలాగూ మనమే వేసుకుంటాం, నాలుగు గోడలూ పైన కప్పూ ఉంటే చాలదా అంటారు. కంటికి చాలు. చెవికి చాలదు.

నటి గొంతు తగ్గించి డైలాగ్ చెబుతుండగా రేకుల మీద చినుకులు మొదలైతే ఆ టేక్ పోయినట్టే. వాన లేకపోయినా ఎండకి రేకులు టప్ టప్‌మంటాయి, బయట ఏదో లారీ రివర్స్ చేస్తుంటుంది, బోసి గోడలకు తగిలి మాట మోగుతుంది. డబ్బింగ్ చెప్పించుకోవచ్చు, నిజమే. కానీ సెట్లో ఏడుస్తూ వణికిన గొంతు మైకు ముందు మళ్లీ అలాగే పలకడం ఎంతటివాళ్లకైనా కష్టం. పైగా కెమెరా వెనక్కి జరగాల్సిన చోటే ఒక స్తంభం అడ్డొస్తుంది.

ఫ్లోర్‌లో మనం డబ్బు కట్టేది ముందుగా నిశ్శబ్దానికి. శబ్దాన్ని పీల్చుకునే మందపాటి గోడలు, బరువైన తలుపు, టేక్ నడుస్తున్నంతసేపూ బయట వెలిగే ఎర్ర లైటు. పైన కప్పు కింద ఉండే ఇనుప చట్రానికే (గ్రిడ్) లైట్లు వేలాడదీస్తారు కాబట్టి నేల మీద స్టాండ్ల గొడవ తగ్గుతుంది. ఇరుకు గది సీనైనా సెట్లో ఒక గోడ ఊడదీసి కెమెరాని దూరంగా పెట్టుకోవచ్చు. వెలుగూ మన చేతిలోనే. 1893లో ఎడిసన్ న్యూజెర్సీలో కట్టించిన బ్లాక్ మరియా స్టూడియోలో కప్పు తెరిచి, ఎండ ఎటుంటే షెడ్డు మొత్తాన్ని అటు తిప్పేవాళ్లు. ఇప్పుడు అర్ధరాత్రి కూడా కిటికీలోంచి పొద్దుటి ఎండ పడేలా చేస్తున్నారు.

ఎల్‌ఈడీ గోడ, అంటే నటుల వెనక నిలబెట్టి బ్యాక్‌గ్రౌండ్ దృశ్యం ఆడించే పెద్ద తెర, దాని సంగతి వేరు. కారు సీన్లకి దాన్ని మించింది లేదు: వెనక కదిలే వీధి దీపాలు అద్దం మీదా, నటుడి కళ్లలోనూ నిజంగానే మెరుస్తాయి. గ్రీన్ మ్యాట్‌తో, అంటే వెనక పచ్చ తెర కట్టి తర్వాత కంప్యూటర్‌లో దృశ్యం అతికించే పద్ధతిలో అయితే, జుట్టు అంచులకి ఆ పచ్చరంగు అంటుకుంటుంది. కాకపోతే బ్యాక్‌గ్రౌండ్ దృశ్యాలన్నీ షూటింగ్‌కి ముందే సిద్ధం కావాలి. ఫోకస్ గోడ మీదికి పోతే తెర మీద చారలు తేలొచ్చు.

మాటల మీద నడిచే కథైతే, షూటింగ్ రోజులు తగ్గించుకునైనా ఫ్లోరే తీసుకోమంటాను. ఫైట్లకీ పాటలకీ గోడౌన్ సరిపోతుంది, జనరేటర్ ఖర్చు మాత్రం మర్చిపోకుండా కలుపుకోండి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక మధ్యాహ్నం వెళ్లి, మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. ఆ తర్వాత ఐదు నిమిషాలు కదలకుండా వినండి.