జాగ్రత్త: చెన్నైలో ‘అబ్సిడియన్’ ముడిరాయి పేరుతో, లోహం కరిగించాక మిగిలే కొలిమి చిట్టెం (స్లాగ్) అమ్ముతున్నారు

గత నెల టి.నగర్‌లో తాత్కాలికంగా పెట్టిన ఒక రాళ్ల ప్రదర్శనలో, 486 గ్రాముల నల్లని ముద్దను అబ్సిడియన్, అంటే అగ్నిపర్వత గాజు, అని చెబితే నమ్మి 6,500 రూపాయలకు కొన్నాను. అమ్మినవారు తెలుగులో పలకరించడం, ఇంట్లో ఉంటే దిష్టి తగలదని భరోసా ఇవ్వడం, పక్కనే ఉన్న కిటికీ అద్దం ముక్కపై ఆ రాయితో గీత గీసి చూపించడం, ఈ మూడూ కలిసి నా అనుమానాన్ని అణిచేశాయి.

గీత పడటం ఏ రుజువూ కాదని ఇంటికొచ్చి చదువుకున్నాక తెలిసింది. అబ్సిడియన్ కాఠిన్యం, 1 నుంచి 10 వరకు ఉండే మోహ్స్ కొలమానంపై 5 నుంచి 5.5, మామూలు అద్దానిదీ దాదాపు అంతే కనుక, పదునైన అంచు ఉన్న ఏ గాజైనా అద్దంపై ఎంతో కొంత గీస్తుంది. విరిగినచోట గవ్వ లోపలి భాగంలా వంపులు తేలడం కూడా అంతే: సీసా పగిలినా అలాగే ఉంటుంది. ఆ అంచును తడిమి చూసి బొటనవేలు కోసుకున్నాను, అదీ నిజాయితీకి గుర్తనే అనుకున్నాను!

తర్వాత పలుచని అంచు వెనుక ఫోన్ టార్చి పెట్టి చూస్తే, అబ్సిడియన్‌లో సాధారణంగా కనిపించే పొగ రంగో గోధుమ రంగో కాక, ముదురు సీసా పచ్చ కనిపించింది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద గుండ్రని గాలిబుడగలు గుంపులుగా ఉన్నాయి. అబ్సిడియన్‌లోనూ బుడగలుంటాయి గాని, లావా పారిన దిశలో అవి తరచు సాగి ఉంటాయి. ఈ రెండూ అనుమానాలే; తేల్చింది మాత్రం తూకం. వంటింటి డిజిటల్ త్రాసుపై నీళ్ల గిన్నె పెట్టి, అంకెను సున్నా చేసి, రాయిని దారంతో కట్టి అడుగును తాకకుండా పూర్తిగా ముంచితే త్రాసు 171 గ్రాములు చూపించింది, అంటే రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. 486ను 171తో భాగిస్తే సాంద్రత సుమారు 2.84 వస్తుంది. అబ్సిడియన్‌ది సాధారణంగా 2.35 నుంచి 2.6 లోపే. మామూలు సీసా గాజు సాంద్రత 2.5 దగ్గర ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష దాన్ని పట్టుకోలేదు, కాని కొలిమిలో మిగిలే బరువైన చిట్టెం గాజు దొరికిపోతుంది. రత్నపరీక్ష చేసే ఒకరు కూడా చూసి, ఇది కొలిమి చిట్టెమేనన్నారు.

నిజానికి అమ్మినవారు చెప్పిన కథలోనే తప్పు ఉంది. ఇది మహారాష్ట్ర దక్కన్ లావాల్లో దొరికిందన్నారు. ఆ లావాలు సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటివి, ఎక్కువగా బసాల్ట్, అంటే సిలికా (ఇసుకలోని ముఖ్య పదార్థం) తక్కువగా ఉండే నల్లరాయి. అబ్సిడియన్‌కు సిలికా ఎక్కువగా ఉన్న, చిక్కని లావా వేగంగా చల్లారాలి. పైగా ఆ గాజు కాలక్రమేణా స్ఫటికాలుగా మారిపోతుంది, అందుకే మెక్సికో, ఆర్మేనియా, ఇటలీలోని లిపారి వంటి, భూగర్భ కాలమానంలో కొత్తవైన ప్రాంతాల నుంచే ఎక్కువగా వస్తుంది.

ఇక ధర విషయం. అసలుదే అయినా, మామూలు నల్లరకం ముడిరాయి సానపట్టేవారికి కిలోల లెక్కన దొరికే సరుకే. ఇంద్రధనుస్సు మెరుపు, పగుళ్లు లేని పెద్ద ముక్క, దొరికిన చోటికి ఆధారం, వీటిలో ఏదో ఒకటి లేనిదే అంత ధర పెట్టకూడదు.

డబ్బు వాపసు అడిగితే బిల్లు చూడమన్నారు. అందులో ‘అలంకరణ రాయి’ అని మాత్రమే ఉంది. రాయితో పాటు ఇచ్చిన కార్డుపై బరువు గాని, సాంద్రత గాని, ల్యాబ్ చిరునామా గాని లేవు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాను, కాని నా చేతిలోని కాగితం బలహీనమైనదే. మీరు కొంటే ‘సహజ అబ్సిడియన్’ అనే మాటను, బరువును, దొరికిన ఊరును బిల్లుపై రాయించుకోండి. రాయనంటే అక్కడే వదిలేయండి. వారి దగ్గర పారదర్శకమైన నీలం ముక్కలు కూడా ఉన్నాయి, వాటిని తూచి చూడనక్కరలేదు, ఆ రంగు దాదాపు ఎప్పుడూ మనిషి చేసిన గాజుదే.